ఇరవై రెండు కుటుంబాలు, ఒక్క అంకె

మహబూబ్‌నగర్‌లో ఆ ఆదివారం వాదన ఒక ఉద్యోగ దరఖాస్తు మీద మొదలై, 1998లోనే చనిపోయిన ఒక పాకిస్తానీ మీదికి మళ్లింది. మేనకోడలు హైదరాబాద్‌లో ఆర్థికశాస్త్రంలో పీహెచ్‌డీ ముగించి, ప్రపంచ బ్యాంకు యంగ్ ప్రొఫెషనల్స్ ప్రోగ్రామ్‌కు కాగితాలు సిద్ధం చేసుకుంటోంది. మేనమామ డిగ్రీ కాలేజీలో అదే శాస్త్రం చెప్పి చెప్పి రిటైరైన మనిషి. ఈ రంగంలోకి ఎందుకు రావాలనుకుంటున్నానో చెప్పే పేజీలో ఆమె మహబూబ్ ఉల్ హక్‌ను తలుచుకుంది. మామకు అక్కడే కాలింది.

"ఈయన పేరు చూసి వాళ్లు నౌకరీ ఇస్తరేమో గని, నేనైతే మార్కులెయ్య."

"ఎందుకు మామా?"

"ఒక మనిషి ఎన్ని కుర్చీలల్ల కూసుంటడు బిడ్డా? అయూబ్‌ఖాన్ కింద ప్లానింగ్ కమిషన్. మెక్‌నమారా కింద ప్రపంచ బ్యాంకు. జియా కింద ఆర్థిక మంత్రి. మల్ల న్యూయార్క్‌ల ఐక్యరాజ్యసమితి. ఒక జనరల్ పోతే ఇంకో జనరల్, నడుమ వియత్నాం యుద్ధం నడిపినాయన. ఇండ్ల ఎవరికి ఎదురు తిరిగిండు?"

"నలుగురి దగ్గరా పనిచేశాడు, నలుగురికీ నచ్చని మాటే చెప్పాడు."

ఈ రెండు వాక్యాల మధ్యే మిగతా మధ్యాహ్నమంతా నడిచింది. ఇద్దరికీ ఆ జీవితం బాగానే తెలుసు కాబట్టి వివరాల మీద పేచీ లేదు, వాటికి అర్థం చెప్పుకోవడం దగ్గరే తగాదా. హక్ 1934లో పుట్టాడు, దేశవిభజన నాటికి పదమూడేళ్ల పిల్లవాడు. లాహోర్ గవర్నమెంట్ కాలేజీ, అక్కడి నుంచి కేంబ్రిడ్జి. అక్కడ 1953లో కలిసినవాడు అమర్త్యసేన్. అదే రోజుల్లో అదే ఊళ్లో ఢాకాకు చెందిన రెహ్మాన్ సొభాన్ కూడా చదువుకుంటున్నాడు. తర్వాత హక్ యేల్‌లో డాక్టరేట్ చేసి, 1957లో స్వదేశం వచ్చి ప్లానింగ్ కమిషన్‌లో చేరాడు. అప్పటికి ఇరవై మూడేళ్లు. ఆ వయసులో మన దగ్గర చాలామంది గ్రూప్స్ కోచింగ్‌లో ఉంటారు.

మామ మొదట పట్టుకున్నది 1963 నాటి పుస్తకం. పాకిస్తాన్ ప్రణాళికా వ్యూహం మీద హక్ రాసినది. అందులో వాదన దాపరికం లేనిది: పేద దేశం ముందు ఉత్పత్తి పెంచుకోవాలి, పంపకం గురించి తర్వాత చూసుకోవచ్చు, ఈలోగా కొందరి చేతుల్లో డబ్బు పోగుపడితే అది పెట్టుబడిగా మారుతుంది. ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బుతో వచ్చిన హార్వర్డ్ సలహాదారులు కరాచీలో కూర్చుని చెప్పిన పాఠం కూడా ఇదే. జీడీపీ నిజంగానే పెరిగింది. విదేశీ నిపుణులు పాకిస్తాన్‌ను మిగతావాళ్లకు నమూనాగా చూపించారు.

"పెరిగింది సరే, ఎవరికి?" అన్నాడు మామ. "పశ్చిమ పాకిస్తాన్ తలసరి ఆదాయం తూర్పు కన్నా 1959-60ల 32 శాతం ఎక్కువుండె. పదేండ్లకు 61 శాతం ఎక్కువైంది. జనపనార అమ్మి డాలర్లు తెచ్చేది తూర్పు, ఆ డాలర్లతోటి మిల్లులు పెట్టేది కరాచీల. సొభాన్ ఢాకాల కూసుని ఇది ఒక దేశం గాదు, రెండు ఆర్థిక వ్యవస్థలు అని మొత్తుకుంటనే ఉన్నడు. ఈయన లెక్కలు గట్టే చోట ఉన్నడు. దేశం రెండు ముక్కలైంది."

"ఆ లెక్కలే చూసి ఆయన మనసు మార్చుకున్నాడు మామా. 1968 మర్చిపోతే ఎట్లా?"

ఆమె చెప్పే 1968 కథ నిజంగా నాటకీయమైనది. అయూబ్ తన పాలనకు పదేళ్లు నిండిన సందర్భంగా 'అభివృద్ధి దశాబ్ది' పేరుతో ఊరూరా ఉత్సవాలు చేయిస్తున్న సంవత్సరం అది. అదే ప్రభుత్వంలో ముఖ్య ఆర్థికవేత్తగా ఉన్న హక్ కరాచీలో ఒక సభలో లేచి, దేశంలోని పరిశ్రమల ఆస్తుల్లో మూడింట రెండు వంతులు ఇరవై రెండు కుటుంబాల చేతుల్లో ఉన్నాయని చెప్పాడు. బ్యాంకులు, బీమా సంస్థల్లో అయితే వాళ్ల వాటా ఇంకా ఎక్కువ. మర్నాటి నుంచి 'ఇరవై రెండు కుటుంబాలు' అన్న మాట ఆర్థికశాస్త్రం పరిధి దాటి వీధుల్లోకి పోయింది. భుట్టో దాన్ని ఎన్నికల సభల్లో వాడుకున్నాడు, పశ్చిమ పాకిస్తాన్‌లో గెలిచాడు, 1972 జనవరిలో పెద్ద పరిశ్రమల్ని జాతీయం చేసేశాడు.

"లైసెన్సులు ఇచ్చి, అప్పులు ఇప్పించి, దిగుమతి కోటాలు రాసి ఆ ఇరవై రెండిండ్లు నిలబెట్టినంక లెక్కబెట్టిండు. లెక్కబెట్టుడు గొప్పా? కట్టక ముందు చెప్తే గొప్ప."

"కట్టక ముందు ఎవరికీ తెలియదు మామా. మన దగ్గర నెహ్రూ లైసెన్సు రాజ్యంలో ఏ కుటుంబాలు బాగుపడ్డాయో కూడా కట్టిన తర్వాతే కమిటీలు వేసి లెక్కపెట్టారు. ఈయన కమిటీ వేయమనలేదు. జీతం ఇచ్చే ప్రభుత్వం పండుగ చేసుకుంటుంటే మైకు ముందు నిలబడి అన్నాడు. మీ కాలేజీలో ప్రిన్సిపాల్ వార్షికోత్సవంలో మీరు అట్లా అన్నారా ఎప్పుడైనా?"

మామ నవ్వాడు. అనలేదు మరి.

ప్రపంచ బ్యాంకు రోజుల దగ్గర వాదన కొంచెం చప్పబడింది, ఎందుకంటే అక్కడ ఇద్దరి దగ్గరా సగం సగం సరుకే ఉంది. 1970లో వాషింగ్టన్ వెళ్లిన హక్ విధాన ప్రణాళికా విభాగానికి డైరెక్టర్‌ అయ్యాడు. బ్యాంకు అధ్యక్షుడు రాబర్ట్ మెక్‌నమారా 1973 సెప్టెంబర్‌లో నైరోబీలో చేసిన ప్రసంగంలో సంపూర్ణ పేదరికం, చిన్న రైతు అన్న మాటలు బ్యాంకు నోట మొదటిసారి అంత గట్టిగా వినిపించాయి. ఆ మార్పు వెనుక హక్ చెయ్యి ఉంది. చిన్న కమతాల్లో ఉత్పత్తి 1985 నాటికి ఏటా ఐదు శాతం చొప్పున పెరిగేలా చూడాలన్నది ఆ ప్రసంగంలో పెట్టుకున్న లక్ష్యం.

"భూమి ఉన్న చిన్న రైతు. మా పాలమూరుల భూమే లేని కూలి సంగతి ఆ లెక్కల ఏడ ఉన్నది?" అని మామ అడిగిన ప్రశ్నకు మేనకోడలు సూటిగా జవాబివ్వలేదు. మెక్‌నమారా కాలంలో బ్యాంకు అప్పులు ఏడాదికి సుమారు వంద కోట్ల డాలర్ల నుంచి పన్నెండు వందల కోట్లు దాటాయని, ఆ పెరుగుదలలో పొలాలు, పల్లెలు అన్న పద్దులు రావడమే ఒక విజయమని మాత్రం అంది. అప్పుల మొత్తంతో పేదరికం తగ్గిందని కొలిచే ఆఫీసు ఎంత పేదల ఆఫీసైనా అప్పుల ఆఫీసే అని మామ గొణిగాడు. అందులోనూ న్యాయం ఉంది.

1981లో మెక్‌నమారా దిగిపోయాడు. రీగన్ వచ్చాడు. బ్యాంకుకు బ్యాంక్ ఆఫ్ అమెరికా నుంచి క్లాసెన్ వచ్చాడు, పరిశోధన విభాగం హాలిస్ చెనరీ చేతి నుంచి ఆన్ క్రూగర్ చేతికి మారింది. నిర్మాణాత్మక సర్దుబాటు అన్న మాట జోరందుకుంది: సబ్సిడీలు తగ్గించండి, సుంకాలు తగ్గించండి, అప్పుడే డబ్బు. 1982లో హక్ ఇస్లామాబాద్ విమానం ఎక్కాడు.

"అది ధైర్యం అంటవు నువ్వు," అన్నాడు మామ. ఈసారి గొంతు మారింది. "1979 ఏప్రిల్‌ల భుట్టోను ఉరి దీసిండు జియా. సైనిక శాసనం నడుస్తున్నది. పత్రికల మీద సెన్సారు. జర్నలిస్టులను కొరడాలతోటి కొట్టిన కాలం. ఆ ప్రభుత్వంల మంత్రి అయితే మనిషి ఏమన్నట్టు? ఇరవై రెండు కుటుంబాల గురించి చెప్పిన నోరు, ఒక్క మనిషి గురించి చెప్పలేదు."

మేనకోడలు కొంత సేపు ఆగింది. ఆగడమే మంచిది, ఎందుకంటే ఈ ప్రశ్నకు హక్ అభిమానుల దగ్గర కూడా తేలికైన జవాబు లేదు. సైనిక ప్రభుత్వాల్లో చేరిన నిపుణులందరూ ఒకే మాట చెప్తారు: లోపల ఉంటే నాలుగు పనులు చేయవచ్చు. ఆమె కూడా అటే వెళ్లింది, కానీ పద్దులతో వెళ్లింది.

"1985లో ఆర్థిక మంత్రి అయ్యాక దిగుమతుల మీద ఐదు శాతం ఇఖ్రా సర్‌చార్జి వచ్చింది మామా. ఇఖ్రా అంటే చదువు అని. ఆ డబ్బు బడులకు పోవాలని ఉద్దేశం."

"పోయిందా?"

"అనుకున్నట్టు పోలేదు. మామూలు ఖజానాలో కలిసిపోయింది."

"పాకిస్తాన్ జనగణన చూడు. 1981ల అక్షరాస్యత 26 శాతం. మల్ల గణన 1998ల చేసిన్రు, 44 శాతం. పదిహేడేండ్లు. చదువు పేరు మీద పన్ను వసూలు చేసుడు వచ్చింది, చదువు రాలే."

"నేను ఒప్పుకుంటా," అంది మేనకోడలు. "కానీ ఒక్క సంగతి చూడండి. పాకిస్తాన్ ఆర్థిక మంత్రి బల్ల మీదికి బడ్జెట్ వచ్చేసరికే సైన్యం వాటా, పాత అప్పుల వడ్డీ తీసేసి ఉంటుంది. మిగిలినది ఆయన పంచాలి. ఆ బల్ల దగ్గర కూర్చున్నాకే ఆయనకు అర్థమై ఉంటుంది, డబ్బు లేనివాడికి అంకె ఒక్కటే ఆయుధమని. నేను అట్లానే చదువుకుంటున్నా ఆ తర్వాతి ఏళ్లని."

ఆ తర్వాతి ఏళ్లు న్యూయార్క్‌వి. జియా 1988 ఆగస్టులో విమాన ప్రమాదంలో చనిపోయాడు. మరుసటి ఏడాది హక్ ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమంలో, అంటే యూఎన్‌డీపీలో, సలహాదారుగా చేరాడు. అక్కడి అధిపతి విలియం డ్రేపర్ అమెరికా రిపబ్లికన్, వెంచర్ పెట్టుబడుల వ్యాపారం నుంచి వచ్చినవాడు. హక్ అడిగింది ఒక్కటే: ఏటా ఒక నివేదిక తెస్తాను, అందులో ఏం రాయాలో ప్రభుత్వాలు చెప్పకూడదు. డ్రేపర్ ఆ మాట నిలబెట్టుకున్నాడు. సభ్యదేశాల డబ్బుతో నడిచే సంస్థలో ఇది మామూలు విషయం కాదు.

సేన్‌ను సాయానికి పిలిస్తే ఆయన మొదట మొరాయించాడు. మనిషి బతుకును ఒక్క అంకెలో కుదించడం మోటుతనం అని ఆయన అభ్యంతరం. హక్ దాన్ని కాదనలేదు. తలసరి ఆదాయం కూడా మోటు అంకే, దాన్ని దించాలంటే అంతే మోటైన ఇంకో అంకె కావాలి, కాకపోతే ఇది మనుషుల్ని చూసేదిగా ఉండాలి అన్నది ఆయన జవాబు. సేన్ తర్వాత రోజుల్లో ఈ కథను తానే రాశాడు, హక్‌దే పైచేయి అయిందని ఒప్పుకున్నాడు కూడా. అలా 1990లో మానవాభివృద్ధి సూచిక వచ్చింది: ఆయుర్దాయం, అక్షరాస్యత, ఆదాయం. మూడింటి సగటు.

మొదటి నివేదికలోనే ఒక పోలిక ఉంది, మేనకోడలికి అది కంఠతా వచ్చు. శ్రీలంక తలసరి ఆదాయం 400 డాలర్లు, ఆయుర్దాయం 71 ఏళ్లు, అక్షరాస్యత 87 శాతం. సౌదీ అరేబియా తలసరి ఆదాయం 6,200 డాలర్లు, ఆయుర్దాయం 64, అక్షరాస్యత 55.

"ఆదాయం లాగరిథమ్‌లో వేస్తారు మామా. వెయ్యి డాలర్ల నుంచి రెండు వేలకు పోతే ఆదాయం భాగం ఎంత కదులుతుందో, ఇరవై వేల నుంచి నలభై వేలకు పోయినా అంతే కదులుతుంది. అంటే ఉన్నోడికి ఇంకో కారు వస్తే ఈ లెక్క పెద్దగా పట్టించుకోదు."

"మూడింటికి సమానంగ మార్కులు ఎవరు వెయ్యమన్నరు? ఆయుష్షుకు మూడో వంతు, పైసలకు మూడో వంతు. నాకు గుండెజబ్బు ఉన్నది, నేనైతే ఆయుష్షుకు ముప్పావు వేస్త."

ఈ వెటకారం వెనుక గట్టి పాండిత్యమే ఉంది. యేల్‌లో పాఠాలు చెప్పిన టి.ఎన్. శ్రీనివాసన్ 1994లో ఇదే సూచికను చీల్చి చెండాడాడు: భావన కొత్తది కాదు, లెక్క బలహీనం, వాడిన గణాంకాలు అంతకన్నా బలహీనం. 2010లో సగటు లెక్కించే పద్ధతి మార్చినప్పుడు మార్టిన్ రవాలియన్ ఇంకో చిక్కు చూపించాడు. కొత్త సూత్రం ప్రకారం పేద దేశంలో మనిషి ఒక ఏడాది ఎక్కువ బతకడానికి పడే విలువ, ధనిక దేశంలో అదే ఏడాదికి పడే విలువ ముందు దాదాపు ఏమీ కాదు. రవాలియన్ ఊరికే అనే మనిషి కాదు. ప్రపంచ బ్యాంకు 1990 నివేదికలో వచ్చిన రోజుకు డాలరు పేదరిక రేఖ గీసినవాళ్లలో ఆయనే ముఖ్యుడు. మానవాభివృద్ధి సూచిక, డాలరు రేఖ ఒకే ఏడాది పుట్టిన దాయాదులు. డాలరు రేఖ పెరిగి పెరిగి 2025 జూన్‌లో మూడు డాలర్లయింది, సూచిక మాత్రం సున్నాకూ ఒకటికీ మధ్యే తిరుగుతోంది.

"చూసినవా, పెద్దోళ్లే తప్పన్నరు."

"తప్పని అన్నారు, తీసేయలేకపోయారు. మామా, మీ జిల్లా సంగతే చెప్తా."

2007లో బేగంపేటలోని సెస్, అంటే ఆర్థిక, సామాజిక అధ్యయనాల కేంద్రం, తయారుచేసిన ఆంధ్రప్రదేశ్ మానవాభివృద్ధి నివేదికలో జిల్లాలన్నింటినీ వరసగా నిలబెట్టారు. పైన హైదరాబాద్. అట్టడుగు వరసలో మహబూబ్‌నగర్, విజయనగరం.

మామ భగ్గుమన్నాడు. "అది చెప్పనీకి న్యూయార్క్ సూత్రం కావాల్నా? మా బస్టాండుల ముంబై బస్సు దగ్గర నిలబడు. మూటలు, వంట గిన్నెలు, సంకన పిల్లలు. ఆ పిల్లలు ఏ బడిల ఉన్నరని అడుగు. నేను క్లాసుల అటెండెన్సు దీసుకునేటప్పుడే తెలిసేది, దసరా అయినంక ఎంతమంది వస్తలేరో."

"మీకు తెలుసు మామా. ముంబై బస్సు కండక్టరుకూ తెలుసు. సెక్రటేరియట్‌లో సాగునీటి పద్దు రాసే ఆఫీసరుకు తెలియదు, తెలిసినా తెలియనట్టు ఉండొచ్చు. రాష్ట్రం పేరుతోనే అచ్చైన పట్టికలో మీ జిల్లా చివర ఉంటే ఇక బుకాయించలేడు. తెలంగాణ ఉద్యమంలో ఉపన్యాసాలు ఇచ్చినవాళ్లు ఇట్లాంటి పట్టికలు ఎన్ని చూపించారో మీకే బాగా తెలుసు, మీరూ కొన్ని చూపించి ఉంటారు."

చూపించాడు. ఆ సంగతి ఆయనే ఒకప్పుడు ఆమెకు చెప్పాడు, అందుకే ఈ దెబ్బ గట్టిగా తగిలింది. అయినా మనిషి తగ్గలేదు. అంకెకు అంత బలం ఉంటే, ప్రభుత్వాలకు కోపం వచ్చినప్పుడు ఏమైందని అడిగాడు. 1991 నివేదికలో హక్ బృందం మానవ స్వేచ్ఛా సూచిక అని ఒకటి వేసింది. ఏ దేశంలో పౌరుడికి ఎంత స్వేచ్ఛ ఉందో మార్కులు. వర్ధమాన దేశాలు ఐక్యరాజ్యసమితిలో గొడవకు దిగాయి, ఆ పట్టిక ఆగిపోయింది. అప్పుడప్పుడే జియా మంత్రివర్గం నుంచి వచ్చినవాడు స్వేచ్ఛకు మార్కులు వేయడం మామకు ఇంకా పెద్ద తమాషా.

"ఆగిపోయినా 1994 ఆగలేదు," అంది మేనకోడలు. ఆ ఏటి నివేదిక మానవ భద్రత అన్న మాటను ముందుకు తెచ్చింది. అందులో ఒక పెట్టెలో, దేశాల పేర్లు పెట్టి, ఆయుధాల కొనుగోళ్ల పక్కన అదే డబ్బుతో ఏం చేయవచ్చో వేశారు. భారత్ రష్యా నుంచి ఇరవై మిగ్-29 విమానాలకు ఆర్డరిచ్చింది, ఆ ఖర్చుతో బడికి పోని కోటిన్నర మంది ఆడపిల్లలందరికీ ప్రాథమిక చదువు చెప్పించవచ్చు. పాకిస్తాన్ నలభై మిరాజ్‌లు కోరింది, దాని పక్కన తాగునీరు, మందులు, బడుల లెక్క. ఇస్లామాబాద్ గురించి అది రాయడానికి ఒక మాజీ పాకిస్తానీ మంత్రికి ఎంత మొహమాటం ఉండాలో ఆలోచించమంది ఆమె.

"మంత్రిగ ఉన్నప్పుడు రాస్తే నేను నీకన్న ముందు చప్పట్లు కొడుదు."

అక్కడి నుంచి మాట మన వాళ్ల మీదికి వచ్చింది. దువ్వూరి సుబ్బారావు 1993 నుంచి 1998 దాకా ఆంధ్రప్రదేశ్ ఆర్థిక కార్యదర్శి. 1999లో ప్రపంచ బ్యాంకు లీడ్ ఎకనమిస్ట్‌గా వెళ్లి, 2004 దాకా ఉండి, తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరయ్యాడు. బల్లకు రెండు వైపులా కూర్చున్న మనిషికి అప్పు తీసుకునేవాడి ఇబ్బందీ ఇచ్చేవాడి భాషా తెలుస్తాయని మేనకోడలి వాదన. ఆ బల్లకు మూడో వైపు కూడా ఉంటుందని, కరెంటు చార్జీలు పెరిగినప్పుడు 2000 ఆగస్టులో హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో చనిపోయినవాళ్లు అటువైపువాళ్లని మామ అన్నాడు. దీనికి ఆమె వాదించలేదు.

2025లో వచ్చిన నివేదిక ప్రకారం 193 దేశాల్లో పాకిస్తాన్‌ది 168వ స్థానం. సూచికను పుట్టించినవాడి దేశం ఇప్పటికీ తక్కువ మానవాభివృద్ధి వరసలోనే ఉంది. ఒకప్పుడు అదే దేశంలో తూర్పు భాగమైన బంగ్లాదేశ్ 130, భారత్ కూడా 130. బంగ్లాదేశ్‌ను పైకి తెచ్చింది ఇంటింటికీ తిరిగిన ఆరోగ్య కార్యకర్తలు, గార్మెంటు మిల్లుల ఆడకూలీలు, బ్రాక్ లాంటి సంస్థలని మామ అన్నాడు. దానికి మేనకోడలు తలూపింది. ఆర్థికవేత్తలు దేశాల్ని పైకి లాగుతారని తాను ఎక్కడా రాయలేదని చెప్పింది.

"అయితే ఆఖరి మూడేండ్ల గురించి ఎందుకు రాయలే నువ్వు?" అన్నాడు మామ.

1995లో హక్ న్యూయార్క్ వదిలి ఇస్లామాబాద్‌లో మానవాభివృద్ధి కేంద్రం పెట్టాడు. భార్య ఖదీజా హక్ కూడా ఆర్థికవేత్తే, ఇద్దరూ కలిసి నడిపారు. 1997లో దక్షిణాసియా మొత్తం మీద మొదటి నివేదిక వచ్చింది. భారత్, పాకిస్తాన్ గణాంకాలు పక్కపక్క నిలువు వరుసల్లో, బడులూ సైన్యాల ఖర్చుతో సహా. 1998 మేలో రెండు దేశాలూ అణుపరీక్షలు చేశాయి. జూలై 16న హక్ చనిపోయాడు, అరవై నాలుగేళ్ల వయసులో.

"గా మూడేండ్ల మనిషి నాకు నచ్చిండు," అన్నాడు మామ. "కుర్చీ లేదు, జనరల్ లేడు. ఇంకో ఏడాదిన్నర బతికుంటే ముషారఫ్ పిలిచేటోడు. పోయేటోడా?"

"పోయేవాడే అనుకుంటా."

మామ ఈ జవాబు ఊహించలేదు. "తెలిసీ నువ్వు ఆయన పేరు రాస్తవా?"

"రాస్తా. ఆ కేంద్రం నివేదికను ప్రభుత్వాలు తెరిచి చూశాయంటే న్యూయార్క్ పేరు వెనకాల ఉంది కాబట్టి. న్యూయార్క్‌లో ఆయన మాట చెల్లిందంటే ఇస్లామాబాద్‌లో మంత్రిగా చేశాడు కాబట్టి. ఒకటి తీసేసి ఇంకోటి ఉంచలేం మామా."

"నేనైతే ఆ చిన్న ఆఫీసులనే కూసోమందును."

"అక్కడ కూర్చుంటే ఆర్థిక మంత్రి ఫోను ఎత్తడు."

"ఎత్తకపోతే ఎత్తకపాయె," అని మామ లేచి, రెండో విడత చాయ్‌కి నీళ్లు పెట్టడానికి వంటింట్లోకి వెళ్లాడు. అక్కడి నుంచే అరిచి అడిగాడు, జియా కాలం నాటి బడ్జెట్‌లలో సైన్యం వాటా ఏటేటా ఎంతో వాషింగ్టన్ పోయినంక లైబ్రరీల చూసి తనకు రాసి పంపమని.